తడవని కోటు కోసం రెండువందల ఏళ్లు

కిందటేడు ఆషాఢంలో మా బడి పిల్లలను ఇరవైమందిని వెంటబెట్టుకుని సహ్యాద్రి కొండల్లో ఒక కోట ఎక్కాను. మాది షోలాపూరు. వాన కోసం ఆకాశంకేసి చూడడం తెలిసినంతగా, వానలో నడవడం మాకు తెలియదు. అందుకని వారం ముందే పుణె వెళ్లి, ఒక పెద్ద దుకాణంలో, నెలజీతంలో చెప్పుకోదగ్గ భాగం ఖర్చుపెట్టి ఒక వాన జాకెట్ కొన్నాను. “నీళ్లు లోపలికి రావు సార్, చెమట బయటికి పోతుంది” అని అక్కడి కుర్రవాడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తీరా కోట పైకి చేరేసరికి నా చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. నా పక్కన నడిచినవాడు తొమ్మిదో తరగతి పిల్లవాడు. ఎరువుల సంచిని ఒక పక్క చీల్చి, తలమీద ముసుగులా వేసుకున్నాడు. మోకాళ్ల కింద తడిసి ముద్దయ్యాడు గాని, వాడి వీపు నా వీపు కంటే పొడిగా ఉంది.

ఇంటికి వచ్చాక మర్నాడు స్నానాలగదిలో ఒక పరీక్ష చేశాను. జాకెట్ చేతిని ముంజేయి దగ్గర తాడుతో బిగించి కట్టి, పైనుంచి రెండు చెంబుల నీళ్లు పోసి, కొక్కేనికి వేలాడదీశాను. గంట గడిచినా అడుగున ఒక్క చుక్క రాలలేదు. అంటే దుకాణంవాడు అబద్ధం చెప్పలేదు. మరి నేనెలా తడిశాను?

మా తాతలు తెలంగాణ నుంచి మగ్గంతో సహా ఈ ఊరికి వచ్చినవాళ్లు. మా నాయన నలభై ఏళ్లు టవళ్లు నేశారు. జాకెట్ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, “ఇది ఒక బట్ట కాదురా, మూడు. పైన నేత, లోపల అల్లిక, నడుమ ఏదో పొర. నీళ్లు బయటి నుంచి రాలేదు. నీ ఒంట్లోంచే వచ్చినయి” అన్నారు. ఆ మాట పట్టుకుని నేను చదువుతూ పోతే, రెండువందల ఏళ్ల కథ ఒకటి బయటపడింది. వానను ఆపడం మనిషి ఎప్పుడో నేర్చుకున్నాడు. తన చెమటకు దారి చూపడం మాత్రం ఇప్పటికీ పూర్తిగా చేతకాలేదు. ఆ కథే ఈ పూట మీకు చెబుతాను.

మన వైపు వానకు పాత జవాబు గొంగడి. తెలుగులో గొంగడి, మరాఠీలో ఘోంగడీ. మాట ఒకటే, గొర్రె కూడా ఒకటే, దక్కనీ నల్లగొర్రె. నేసేటప్పుడు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. వానకాలంలో ఒక మూల మడిచి తలమీద వేసుకుంటే ముసుగూ అదే, కోటూ అదే, రాత్రి పక్కా అదే. గొంగడి వానను పూర్తిగా ఆపదు. గంటసేపు జోరువాన కొడితే తడుస్తుంది, బరువెక్కుతుంది. కాని ఉన్ని పోగు తన బరువులో ఇంచుమించు మూడోవంతు తేమను ఆవిరి రూపంలో తనలోకి తీసుకుని కూడా చేతికి తడిగా తగలదు. అలా తీసుకునేటప్పుడు కొంచెం వేడిని కూడా విడుస్తుంది. గొర్రెల వెంట రోజంతా మెల్లగా నడిచేవాడికి అది చాలు. పరుగెత్తేవాడికోసం, సైకిల్ తొక్కేవాడికోసం పుట్టిన వస్త్రం కాదది.

నీటిచుక్క చొరని బట్ట అమెజాన్ అడవుల నుంచి వచ్చింది. అక్కడి ఆదివాసులు ఒక చెట్టు పాలను బట్టకు పూసి, ఆరబెట్టి వాడుకునేవాళ్లు. భూమి కొలతల కోసం దక్షిణ అమెరికా వెళ్లిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లా కొండమీన్ 1736లో ఆ పదార్థం నమూనాలను పారిస్‌కు పంపాడు. చిక్కు ఏమిటంటే, చెట్టు దగ్గర పాలలా ఉండేది ఓడలో యూరపు చేరేసరికి గట్టి ముద్ద అయ్యేది. ఆ ముద్దను మళ్లీ కరిగించి బట్టకు పూయడం ఎలాగో చౌకగా చేసి చూపినవాడు లేడు. దాంతో పెన్సిలు గీతలు తుడవడానికి వాడుకున్నారు. ఇంగ్లీషులో రుద్దడాన్ని సూచించే మాట నుంచే దానికి రబ్బరు అన్న పేరు వచ్చింది. మా పిల్లలు ఇప్పటికీ బల్లమీద రుద్దే ఆ ముక్కకూ, ఒంటిమీది వానకోటుకూ ఉన్న చుట్టరికం అది.

స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో చార్లెస్ మెకింటాష్ అనే రసాయన వ్యాపారి ఉండేవాడు. వీధి దీపాలకు బొగ్గు నుంచి గ్యాసు తీసే కొత్త కర్మాగారంలో తారు వృథాగా మిగిలిపోయేది. రంగుల తయారీకి పనికివచ్చే అమ్మోనియా కోసం ఆయన ఆ వ్యర్థాన్ని కొనేవాడు. అమ్మోనియా తీసుకున్నాక మిగిలిన తారులోంచి నాఫ్తా అనే నూనె వచ్చింది. తారు నూనెలో రబ్బరు కరుగుతుందని ఎడింబరోలో వైద్యం చదువుతున్న జేమ్స్ సైమ్ అప్పటికే 1818లో కనుక్కున్నాడు. ఆయన తరువాత పేరుమోసిన శస్త్రవైద్యుడయ్యాడు గనుక ఈ సంగతిని పెద్దగా పట్టించుకోలేదు. మెకింటాష్ మాత్రం కరిగిన రబ్బరును రెండు బట్టల మధ్య పూసి, అదిమి, ఒకే బట్టగా చేసి 1823లో పేటెంటు తీసుకున్నాడు. నాయన వేళ్లతో కనిపెట్టిన మూడు వరసల బట్టకు ముత్తాత ఇదే.

వాన ఆగింది. ఆ వెంటనే మిగతా బాధలు మొదలయ్యాయి. ఎండకు రబ్బరు మెత్తబడి అంటుకునేది, చలికి బిర్రబిగిసి అట్టలా నిలబడేది. కంపు సరేసరి. దర్జీలు మామూలు కోటు కుట్టినట్టే కుట్టేసరికి సూది పడ్డ ప్రతి బెజ్జం నుంచీ నీరు దిగేది. ఇవాళ జాకెట్ లోపల కుట్ల వెంట సన్నని పట్టీ అతికి ఉంటుంది చూడండి, అది ఆనాటి దర్జీలు చేసిన పొరపాటుకు జవాబు. అతుకు పట్టీ లేని వానకోటు ఎంత మంచి బట్టదైనా భుజాల దగ్గర కారుతుంది. కొనేటప్పుడు లోపలివైపు తిరగేసి ముందు చూడవలసింది ఇదే.

ఎండకూ చలికీ రూపు మార్చే రబ్బరును గంధకంతో వేడిచేస్తే స్థిరపడుతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గమనించి, 1844లో పేటెంటు పొందాడు. ఇంగ్లండులో మెకింటాష్ భాగస్వామి థామస్ హాన్‌కాక్ కూడా అదే కాలంలో పేటెంటు తీసుకున్నాడు. గుడ్‌ఇయర్ 1860లో అప్పులతో చనిపోయాడు. ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీకీ ఆయన కుటుంబానికీ సంబంధం లేదు. ఏమైతేనేం, కోటు స్థిరపడింది. దాని లోపల నడిచే మనిషి మాత్రం ఉడికిపోతూనే ఉన్నాడు. గాలి చొరని సంచిలో మనిషిని కట్టి నడిపిస్తే ఇంకేమవుతుంది!

ఇక రెండో దారి నేతపనివాళ్లది. ఇంగ్లండులో బేసింగ్‌స్టోక్ అనే ఊళ్లో థామస్ బర్బెరీ అనే బట్టల వర్తకుడు 1879లో గబార్డిన్ అనే బట్ట తయారుచేశాడు. నేసిన బట్టకు పూత పూయడానికి బదులు, నూలుకే ముందుగా నీరంటని మందు పట్టించి, ఆ తరువాత ఏటవాలు గీతలు పడేలా బాగా దట్టంగా నేయించాడు. పోగుల నడుమ గాలికి సందు ఉంది. చిన్నవానకు నీరు జారిపోతుంది. 1888లో దానికి పేటెంటు వచ్చింది. దక్షిణ ధ్రువం చేరిన అముండ్సెన్ బృందం దీన్ని వాడింది. 1924లో ఎవరెస్టు మీద కనిపించకుండా పోయిన జార్జ్ మాలరీ ఒంటిమీదా ఇదే ఉంది. ఆయన దేహం 1999లో దొరికింది. మిగిలిన బట్టపీలికలను చూసి అలాంటి దుస్తులే నేయించి, 2006లో ఎవరెస్టు మీదికి తీసుకెళ్లి పరీక్షించారు. సిల్కు, నూలు, ఉన్ని పొరలపై గబార్డిన్ వేసుకుని కదలడం హాయిగానే ఉందని తేలింది. అయితే అంత ఎత్తున కురిసేది పొడి మంచు. గంటల తరబడి కొట్టే జోరువాన గబార్డిన్‌కూ లొంగదు.

సముద్రం మీద పనిచేసేవాళ్లు గుడ్డకు అవిసెనూనె పట్టించుకునేవాళ్లు. తరువాత మైనం పట్టించిన నూలు కోట్లు వచ్చాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి. బరువు, జిడ్డు, ఏడాదికోసారి మళ్లీ మైనం పట్టించాలి. పొలంగట్టున నిలబడేవాడికి బాగుంటాయి.

ఈ మధ్యలో సైకిల్ వచ్చింది. 1885లో స్టార్లీ తెచ్చిన, ఇంచుమించు సమానమైన రెండు చక్రాల రోవర్ సైకిలుకు, 1888లో డన్‌లప్ గాలి టైరు తోడైంది. వానకోటును సాధ్యం చేసిన అదే రబ్బరు చక్రానికీ చేరింది. సైకిల్ తొక్కేవాడి కష్టం వేరు. వాన ముందునుంచి కొడుతుంది, చక్రం కిందినుంచి నీళ్లు చిమ్ముతుంది, ఒళ్లు ఇంజనులా వేడెక్కుతుంది. యూరపులో సైకిళ్లవాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు చాలా నచ్చింది. వాళ్లు కోటు మానేసి కేప్ వేసుకున్నారు. చేతులు లేని గుండ్రని ముసుగు అది. మెడ దగ్గర బిగుతు, కింద బార్లా తెరపి. ముందు అంచును హ్యాండిల్ మీదికి లాగి బొటనవేళ్లకు తగిలించుకుంటే మనిషి మీద చిన్న గుడారం వేసినట్టే. పైనుంచి వాన రాదు, కిందినుంచి గాలి ఆడుతుంది. ఎరువుల సంచి కప్పుకున్న మా పిల్లవాడు, పాలకీ వెంట పండరిపురం నడిచే వార్కరీలు, వాళ్లు తలమీదుగా కప్పుకునే ప్లాస్టిక్ పట్టా, అన్నింటిలోనూ ఉన్నది ఆ సూత్రమే. అడ్డగాలికి కేప్ తెరచాపలా ఉబ్బి సైకిలును పక్కకు లాగుతుంది, అంచు చక్రంలో పడితే ప్రమాదం, వేగం తగ్గుతుంది. ఇవి లోపాలే. కాని చెమట సంగతి ఆలోచించిన మొదటి వానకోటు అదేనని నాకనిపిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం నూలుకు మరో అవకాశం ఇచ్చింది. ఉత్తర సముద్రాల్లో ఓడల మీంచి ఎగిరిన విమాన చోదకులు కొన్నిసార్లు తిరిగి దిగడానికి చోటులేక నీళ్లలో దూకవలసి వచ్చేది. ఆ మంచునీళ్లలో మనిషి ప్రాణం నిమిషాల లెక్క. విమానంలో కూర్చున్నంతసేపు గాలి ఆడాలి, నీళ్లలో పడగానే నీరు చొరకూడదు. ఇలాంటి వస్త్రం కోసం మాంచెస్టరులోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పొడుగు పింజ పత్తిని ఎంచి, మహా దట్టంగా నేసి, వెంటైల్ అనే బట్ట చేశారు. అందులో రబ్బరు లేదు, పొర లేదు. నూలు పోగు తడిస్తే ఉబ్బుతుంది. ఉబ్బిన పోగులు సందులను తామే మూసేస్తాయి. ఇది చదివి వినిపించినప్పుడు నాయన నవ్వారు. “తడిసిన నూలుతాడు ముడి విప్పి చూడు, తెలుస్తది” అన్నారు. పోగు గుణం మగ్గం మీద పనిచేసినవాడికి కొత్త కాదు. వెంటైల్ ధర మాత్రం అప్పుడూ ఎక్కువే, ఇప్పుడూ ఎక్కువే. తడిస్తే బరువెక్కుతుంది, బిగుసుకుంటుంది.

ఇప్పుడు మీకు ఒక విషాదం చెప్పాలి. దీన్ని చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. పిల్లలను కొండలకు తీసుకెళ్లే మాస్టరును కదా.

1964 మార్చి 14. ఇంగ్లండు నడుమనున్న పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో రోవర్ స్కౌట్ల నడక పోటీ. నాలుగు పాత సత్రాలను కలిపే దారి కనుక ఫోర్ ఇన్స్ నడక అంటారు. దూరం దాదాపు 70 కిలోమీటర్లు. అవి హిమాలయాలు కావు, చిన్న కొండలు. మంచు తుపాను కూడా లేదు. వాన, ఈదురుగాలి, సున్నా డిగ్రీలకు కాస్త పైన చలి. 240 మంది బయలుదేరితే 22 మంది మాత్రమే చివరిదాకా నడిచారు. ముగ్గురు యువకులు చనిపోయారు. ఒంట్లో సత్తువ ఉన్న కుర్రాళ్లు, కొండలు ఎక్కడం అలవాటున్నవాళ్లు, ఊళ్లకు నాలుగైదు మైళ్ల దూరంలో చలికి చనిపోయారు.

ఎందుకిలా జరిగిందని శోధించినవాడు డాక్టర్ గ్రిఫిత్ ప్యూ. 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందానికి శరీరధర్మ శాస్త్రజ్ఞుడిగా పనిచేసినవాడు. ఆయన ఈ మరణాల మీద అదే సంవత్సరం వైద్యపత్రిక లాన్సెట్‌లో రాశాడు. తరువాత ప్రయోగశాలలో చలిగాలి, తడి కల్పించి, మనుషులను సైకిల్ యంత్రం మీద తొక్కించి కొలతలు తీశాడు. తేలిందేమిటంటే, పొడిగా ఉన్నప్పుడు చాలినంత వెచ్చగా ఉండే దుస్తులే, తడిసి గాలి తగిలితే తమ వెచ్చదనంలో చాలా భాగాన్ని పోగొట్టుకుంటాయి. కుర్రవాడు వేగంగా నడిచినంతసేపు కండరాల వేడి ఆ లోటు పూడుస్తుంది. అలసి నడక మందగించగానే వేడి తగ్గుతుంది, తడిబట్ట మాత్రం వేడిని లాగేస్తూనే ఉంటుంది. అక్కడినుంచి పతనం చాలా వేగం. మాట తడబడుతుంది, కాళ్లు తూలుతాయి, తనకేం కాలేదని మొండిగా వాదిస్తాడు. పక్కనున్నవాళ్లు అలసటే అనుకుంటారు.

ఆ రోజుల్లో దుకాణంలో దొరికే దారులు రెండే. గాలి ఆడే నూలు అనరాక్ కొంటే వానకు నానిపోతుంది. రబ్బరు గాని పాలియురెథేన్ గాని పూసిన నైలాను కొంటే వాన ఆగుతుంది, లోపల చెమటతో నానిపోతారు. చెమటతో తడిసినా చొక్కా చొక్కాయే. ఆగి కూర్చుంటే చలి పట్టేస్తుంది. మూడో దారి ఒక విసుగులోంచి పుట్టింది.

టెఫ్లాన్ పదార్థం 1938లో డూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ చేతికి అనుకోకుండా దొరికింది. ఆ సంస్థను 1958లో వదిలి విల్బర్ట్ గోర్, ఆయన భార్య సొంతంగా ఒక కంపెనీ పెట్టారు. వాళ్ల కొడుకు రాబర్ట్ గోర్ 1969 అక్టోబరులో వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీలను సాగదీయడానికి ప్రయత్నిస్తున్నాడు. మెల్లగా, జాగ్రత్తగా లాగితే ప్రతిసారీ తెగిపోతున్నాయి. విసుగెత్తి ఒక కడ్డీని ఒక్క కుదుపుతో లాగాడు. అది తెగకపోగా చేతులు చాచినంత మేర సాగింది. అలా సాగిన పదార్థం నిండా కంటికి కనిపించని రంధ్రాలు. నీటిబొట్టు దూరలేనంత చిన్నవి, నీటి ఆవిరి పోగలిగినంత పెద్దవి. దాన్ని పలుచని పొరగా చేసి బట్టకు అతికి, 1976లో గోర్‌టెక్స్ పేరుతో అమ్మకానికి తెచ్చారు. మెకింటాష్ రబ్బరు పూసిన చోటే ఈ పొర వచ్చి కూర్చుంది.

మొదటి జాకెట్లు కొన్నాళ్లకే కారాయి. ఒంటి జిడ్డు ఆ రంధ్రాల్లో పేరుకుని నీటికి దారి ఇచ్చింది. లోపలివైపు మరో పలుచని పూత వేసి దాన్ని సరిదిద్దారు. సరిదిద్దగానే ఆవిరి పోయే వేగం కొంత తగ్గింది. ఈ చరిత్రలో ఒకటి గెలిస్తే రెండోది కాస్త ఓడుతూనే ఉంటుంది.

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఒక పోలిక పనికివస్తుంది. తామరాకు మీద నీటిబొట్టు అంటూంటాం. ఆకు పైన సూక్ష్మమైన బొడిపెలు, వాటిమీద మైనం ఉండబట్టి బొట్టు అంటకుండా దొర్లిపోతుంది. జాకెట్ పై బట్టకు వేసే మందు చేసే పని కూడా నీటిని ముత్యాలుగా నిలబెట్టి దొర్లించడమే. నడుమ ఉన్న పొర సరిగానే ఉన్నా, పై మందు అరిగిపోతే బయటి బట్ట నీటిని పీల్చుకుని తడిగుడ్డ అవుతుంది. ఇక ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోయినట్టే. అప్పుడు జాకెట్ కారుతోందని మనం తిట్టుకుంటాం. వీపుసంచి పట్టీలు రాసుకునే భుజాల దగ్గర ఇది ముందుగా జరుగుతుంది. మురికిని సబ్బుపొడితో కాక తేలికపాటి సబ్బుతో కడిగి, జాకెట్ లోపలి చీటీ ఒప్పుకుంటే సన్నని వేడి మీద ఇస్త్రీ చేస్తే మందు కొంతవరకు మళ్లీ లేస్తుంది. లేకపోతే కొత్తగా పట్టించుకోవాలి.

ఆ మందుకు ఒక చీకటి కోణం ఉంది. అది చాలాకాలం ఫ్లోరిన్ రసాయనాలతో చేశారు. నీటినీ, నూనెనూ కూడా అంటనివ్వవు గనుక వాటిని మించినవి లేవు. ప్రకృతిలో విరిగిపోకుండా ఉండిపోవడంలోనూ వాటిని మించినవి లేవు. టెఫ్లాన్ తయారీలో వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనం అమెరికాలో పశ్చిమ వర్జీనియా దగ్గర తాగునీటిలో కలిసింది. కోర్టు కేసు దరిమిలా ఏర్పడిన శాస్త్రజ్ఞుల సంఘం, మూత్రపిండాల క్యాన్సరుతో సహా ఆరు జబ్బులకు దానితో సంబంధం ఉండే అవకాశం ఉందని 2012 నాటికి తేల్చింది. 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ఆ రసాయనాన్ని ప్రపంచవ్యాప్తంగా నిషేధించవలసినవాటి జాబితాలో చేర్చారు. గోర్ కంపెనీ కూడా 2022 నుంచి కొన్ని జాకెట్లకు పాలిథిన్‌తో చేసిన కొత్త పొర వాడుతోంది. ఫ్లోరిన్ లేని మందులు నీటిని బాగానే తోస్తాయి, ఒంటి జిడ్డును, నూనెను అంతగా తోయలేవు. అంటే కడగడం, మళ్లీ పట్టించడం తరచుగా చేయాలి. నా మట్టుకు నాకు ఆ శ్రమ సమ్మతమే. పిల్లల నెత్తిన వాన పడకుండా చూడబోయి వాళ్లు తాగే నీళ్లలో అది కలపడం న్యాయం కాదు.

సరే, మళ్లీ నా చొక్కా దగ్గరికి వద్దాం. జాకెట్ చీటీ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది నీటి ఒత్తిడి లెక్క. బట్టమీద గొట్టం నిలబెట్టి నీరు పోస్తూ పోతే ఎంత ఎత్తు నీటిదాకా చుక్క దిగకుండా ఆపిందో మిల్లీమీటర్లలో చెబుతారు. 10,000 అంటే పది మీటర్ల నీటి స్తంభం. మామూలు వానకు అంత ఒత్తిడి ఉండదు. సంచి పట్టీ కింద, కూర్చున్నచోట, మోకాలి దగ్గర మాత్రం ఒత్తిడి పెరుగుతుంది. రెండో అంకె ఆవిరిది. ఒక చదరపు మీటరు బట్టగుండా ఇరవైనాలుగు గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందని. అదీ 10,000 అనుకుందాం. గంటకు నాలుగువందల గ్రాములు చిల్లర. గట్టిగా సైకిల్ తొక్కేవాడికి, కోట మెట్లెక్కే నాబోటివాడికి గంటకు లీటరు దాకా చెమట పోయవచ్చు. ఐదో తరగతి లెక్క ఇది. సగానికి పైగా లోపలే ఉండిపోతుంది.

పైగా ఆ కొలత ప్రయోగశాలది. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది గనుక రెండు చీటీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా కుదరదు. ఆవిరిని బయటికి తోసేది జాకెట్ కాదు, లోపలి తేమకూ బయటి తేమకూ మధ్య ఉన్న తేడా. స్కాట్లండు చలిగాలిలో ఆవిరి తక్కువ, ఒంటి దగ్గర ఎక్కువ, తేడా పెద్దది. సహ్యాద్రిలో ఆషాఢ మాసపు గాలి ఇరవైనాలుగు, ఇరవైఐదు డిగ్రీల వెచ్చదనంతో ఆవిరి నిండి ఉంటుంది. అక్కడ తేడా చాలా తగ్గిపోతుంది. ఇక ఆవిరి ఎటు పోతుంది? చలిదేశాల కోసం పుట్టిన పొర మన వానలో సగం పనే చేస్తుంది. పొర కంటే చంకల కింద జిప్పులు, వీపున గాలి ఆడే చీలిక, వదులైన ముంజేతులు ఎక్కువ మేలు చేస్తాయి. సైకిలుకైతే వీపు భాగం పొడుగ్గా, చేతులు ముందుకు చాచినా మణికట్టు దాటేంతగా ఉండాలి. తలమీది ముసుగు తలతోపాటు తిరగాలి. వెనక వచ్చే లారీ కనబడకుండా కప్పే ముసుగు ఎంత ఖరీదైనా దండగే. మడ్‌గార్డు లేని సైకిలుకు ఏ జాకెట్టూ న్యాయం చేయదు. మనాలీ, లడఖ్ వైపు పోయేవాళ్ల సంగతి వేరు. అక్కడ చలి ఉంది, పొరకు పని ఉంది. ఖర్చు పెట్టవచ్చు.

ఆ కోటమీద ఇంకో సంగతి కూడా జరిగింది, ఇందాక చెప్పలేదు. పైన బురుజు దగ్గర భోజనాలకు కూర్చున్నాం. ఈదురుగాలి. పదో తరగతి పిల్లవాడొకడు జీన్స్ ప్యాంటు, నూలు బనియనుతో వచ్చాడు. ఎక్కేటప్పుడు అందరికంటే ముందు ఉరికినవాడు వాడే. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేక వణుకుతున్నాడు. పలకరిస్తే “ఏం లేదు సార్” అన్నాడు. ఆ ముక్క తొందరగా అన్నాడు, ముద్దగా అన్నాడు. తడి బనియను విప్పించి, నా సంచిలోని పొడి చొక్కా తొడిగి, పైన నా జాకెట్ వేసి మెడదాకా జిప్పు లాగాను. పావుగంటలో వణుకు తగ్గింది. ఎక్కేటప్పుడు నన్ను ముంచిన జాకెట్టే, కదలకుండా కూర్చున్నవాడిని కాపాడింది. అప్పుడు వాడికి చెమట లేదు. గాలి ఆగాలి, వాన ఆగాలి, అంతే. ఆ పని దానికి బాగా వచ్చు. ప్యూ రాసిన సంగతులు అప్పటికి నేను చదవలేదు. చదివాక మాత్రం వాడి “ఏం లేదు సార్” చాలాసార్లు గుర్తొచ్చింది.

ఈ ఏడు మళ్లీ ఆషాఢంలో వెళుతున్నాం. ప్రతి పిల్లవాడి సంచిలో ఒక పొడి చొక్కా, ప్లాస్టిక్ సంచిలో మూతిబిగించి ఉండాలని ఇళ్లకు చీటీలు రాశాను. జీన్స్ వద్దన్నాను. ఎక్కేటప్పుడు పైన పట్టాయే, తడిస్తే తడవనీ. జాకెట్ ఎవరికున్నా సంచిలోనే ఉండాలి, ఆగినప్పుడే తీయాలి. నాదీ అంతే.

మొన్న ఆదివారం దాన్ని కడిగి, చీటీ చూసుకుని ఇస్త్రీ చేసి వసారాలో ఆరేశాను. బడి నుంచి వచ్చేసరికి నాయన చెంబుతో నీళ్లు తెచ్చుకుని, భుజాల మీద చిలకరించి, కళ్లద్దాలు పైకెత్తి బొట్లు నిలుస్తున్నాయో లేదో చూస్తున్నారు. ఎడమ భుజం మీద నిలిచాయి. కుడి భుజం మీద పట్టీ రాసుకున్నచోట, అరచేయంత మేర, నీరు ఇంకింది.